చూరులో దోపిన కార్డు

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే, "అవ్వా, కార్డు అనే మాటను తెలుగులో ఏమనాల?" అని అడిగింది. ఏ కార్డును అని అడిగాను. ఏ కార్డయినా సరే, ఒక్క మాట చెప్పమంది. అది నావల్ల కాలేదు. మా కాలంలో ఇంగ్లీషు ఒక్క అక్షరం రానివాళ్ళం కూడా రోజుకు పదిసార్లు కార్డు అనేవాళ్ళం. పొద్దున అంటే ఒక వస్తువు, మధ్యాహ్నం అంటే ఇంకో వస్తువు. ఎప్పుడూ ఎవరికీ తికమక కాలేదు. పిల్ల నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ పూటంతా ఆ మాట పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను.

మాది నగరిలో నేతపని ఇల్లు. నాది పుత్తూరు, పదిహేనో ఏట కోడలినై ఇక్కడికి వచ్చాను. నేను వచ్చిన మూడేళ్ళకు యుద్ధం పుణ్యమా అని నూలు దొరకడం గగనమైంది. అప్పుడే మా ఇంట్లోకి మొదటి సర్కారు కార్డు వచ్చింది, నూలు కార్డు. మగ్గానికి ఇన్ని చిలపల నూలని అందులో రాసి ఇచ్చేవాళ్ళు. ఆ తర్వాత బియ్యం కార్డు. ఇక జాబులు రాసుకునే కార్డు ఎప్పటినుంచో ఉండనే ఉంది. మా అత్తకు చదువు రాదు, కానీ ఈ మూడింటినీ చీకట్లో ఇచ్చినా పోల్చేది. బియ్యం కార్డు మడతల దగ్గర నలిగి గుడ్డలా ఉంటుందనీ, నూలు కార్డుకు గంజి వాసన వస్తుందనీ అనేది. జాబు కార్డును వేలితో అంచులు తడిమి చూసేది. అంచులు చూడటానికి కారణం ఉంది.

మావైపు అందరికీ తెలిసిన పద్ధతే. పెళ్ళి కబురైతే కార్డుకు నాలుగు మూలలా పసుపు పూసి పంపేవాళ్ళు. చావు కబురైతే ఒక మూల చించి పంపేవాళ్ళు. మూల చినిగిన కార్డును గడప దాటించి లోపలికి తేకూడదు. బయటే నిలబడి చదివించుకుని, అక్కడే చించి పారేసి, తలకు నీళ్ళు పోసుకుని ఇంట్లోకి రావాలి. చదివిన క్షణం నుంచే మైల లెక్క. అంటే చదవనంత వరకూ మనిషి పోయినట్టు కాదు. ఈ చివరి మాట ఎవరూ పైకి అనరు. మా అత్త ఒక్కతే దాన్ని నమ్మి, దాని మీద ఐదు నెలలు బతికింది.

మా మామ పోయింది బియ్యం కార్డు వచ్చిన ఏడాదే. తాలూకా ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా కార్డు తీసుకుని, మామ పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాడు. అత్తకు అక్షరాలు రావు కాబట్టి కార్డు మీద ఎవరి పేరు ఎక్కడుందో ఆమెకు తెలియదు. ఆ గీత మాత్రం తెలుసు. కార్డు తీసిన ప్రతిసారీ దాని మీద వేలు పెట్టి, "ఇదీ మీ మామ" అనేది.

నూలు బొత్తిగా ఆగిపోయాక మా ఇంటాయన పట్టాళంలో చేరాడు. తిరుపతిలో మనుషులను తీసుకుంటున్నారని విని, మిత్రులతో కలిసి వెళ్ళి పేరు రాయించుకుని వచ్చి, ఆ తర్వాత ఇంట్లో చెప్పాడు. నేను రెండు రోజులు అన్నం తినలేదు. ఆయన పోయిన నెలకు మళ్ళీ ఆ గుమాస్తా వచ్చాడు. మనిషి ఇంట్లో తినడం లేదు కాబట్టి పేరు కొట్టేయాలన్నాడు. అత్త కార్డును కొంగులో చుట్టేసుకుంది.

"ఊరికి పోయినోని మింద గీత కొడతావా? నీకు కండ్లు కనపడ్లేదా? నా కొడుకు సచ్చినాడా?" అని వీధిలోకి వచ్చి అరిచింది.

"అట్ల కాదమ్మా, ఇది లెక్క కోసరం..." అన్నాడతను.

"ఏ లెక్కయినా కానీ. గీత కొడితే నీ సెయ్యి ఇరగ్గొడతా!"

ఆ గుమాస్తా మంచివాడో, భయస్థుడో తెలియదు. పేరు పక్కన ఏదో చిన్నగా రాసుకుని వెళ్ళిపోయాడు. మా వీధంతా ఆ రోజు నవ్వుకుంది. నాకు కూడా నవ్వొచ్చింది. గీతంటే ఆమెకు ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఇక మిగిలింది ఇద్దరం ఆడవాళ్ళం. ఇంట్లో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టేవాడు లేడు. నూలు దొరికిన ఇళ్ళవాళ్ళకు రాట్నం మీద కండెలు చుట్టిపెట్టి గడుపుకునేవాళ్ళం. ఆయన నెలకో, రెండు నెలలకో ఒక కార్డు తెలుగులో రాసేవాడు. నాకు నాలుగో తరగతి దాకా చదువు ఉంది. నేను చదువుతుంటే అత్త వినేది. నేను జవాబు రాస్తుంటే, ఏం రాయాలో ఆమె చెప్పేది. చెప్పేదంతా ఆజ్ఞలే. వేళకు తినమను, నీళ్ళు కాచుకుని తాగమను, ముందర నిలబడొద్దను. మొగుడికి నేను రాసుకోవాలనుకున్న మాటలకు కార్డులో చోటే మిగిలేది కాదు. దాని మీద మాకు చాలా పేచీలు జరిగాయి.

ఆ తర్వాతి ఎండాకాలం మొదట్లో కార్డులు ఆగిపోయాయి. ఒక నెల, రెండు నెలలు. బర్మా వైపు పంపించారని ఎవరో అన్నారు. టపా తెచ్చే ఆయన మా వీధి మలుపులో కనపడితే నా చేతిలో రాట్నం ఆగిపోయేది. ఆయన మా ఇంటి ముందు నుంచి తల వంచుకుని పోతుంటే, కావాలనే ఇవ్వడం లేదని మనసులో తిట్టుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పేది నాకు ఆనాడు తెలిసింది కాదు, తర్వాత తెలిసింది. ఒక రోజు నేను కండెలు ఇచ్చిరావడానికి పక్క వీధికి పోయాను. ఆ సమయంలో కార్డు వచ్చింది. "మిలిటరీ కార్డు. అంతా ఇంగ్లీషు అచ్చు. కోడల్ని ఎవురి దగ్గరన్నా సదివించుకోమను" అని చెప్పి టపా ఆయన వెళ్ళిపోయాడు. అత్త అలవాటుగా అంచులు తడిమింది. ఒక మూల లేదు. ఎన్ని సంచుల్లో నలిగి ఎక్కడ చినిగిందో ఏమో, లేదు. తిప్పి చూస్తే వరుసల వరుసల అచ్చు, వరుసల మీద అడ్డంగా నల్లసిరా గీతలు. ఒకటి కాదు, నాలుగైదు.

ఆమె గడప లోపలికి రాలేదు. చించి పారేయనూ లేదు. చదివించనిది చించకూడదు కదా. దొడ్లో గొడ్ల కొట్టం దగ్గరికి పోయి, చెరకాకు కప్పు చూరులో కార్డును లోతుగా దోపేసింది. బావి దగ్గర తల మీద రెండు బిందెలు గుమ్మరించుకుంది. నేను వచ్చేసరికి తడి జుట్టుతో వసారాలో కూర్చుని ఉంది. వేళగాని వేళ తలస్నానమేమిటని అడిగాను. "ఒళ్ళు మంటగా ఉండాది" అంది.

మరుసటి రోజు నుంచి మా అత్త నాకు అర్థం కాకుండా పోయింది. అంతకు ముందు, మొగుడు ఊళ్ళో లేని దానికి పూలెందుకని అనే మనిషి, రోజూ పొద్దున్నే మూరెడు కనకాంబరాలు తెచ్చి నా తలలో తనే పెట్టేది. గాజులమ్మ వస్తే పిలిచి చేతికి డజను చొప్పున పచ్చ గాజులు వేయించింది. రాట్నం తిప్పే చేతికి ఇన్ని గాజులు అడ్డమంటే వినలేదు. బొట్టు చెమటకు కాస్త చెదిరినా పని ఆపి దిద్దుకోమనేది. తను మాత్రం రాత్రి అన్నం మానేసింది. అరగడం లేదనేది.

ఆయనకు నేను కార్డు రాయడం మానలేదు. నెల కాగానే అత్తే పోస్టాఫీసు నుంచి కొత్త కార్డు తెచ్చి నా ముందర పెట్టేది. ఏం రాయమంటావని అడిగితే, "నువ్వే రాసుకో మే, నీ ఇష్టం" అనేది. నేను రాసుకున్నాను. సిగ్గు విడిచి చాలానే రాసుకున్నాను. రాసింది చదవమనేది. కొన్ని మాటలు దాటేసి చదివేదాన్ని. అయిపోయాక కార్డు తీసుకుని నాలుగు మూలలా పసుపు అద్ది ఇచ్చేది. పోయిన కొడుక్కి కోడలు రాస్తున్న ముద్దు మాటలు ఆమె ఎలా విందో, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు నడిచిపోయాం. ప్రతి ఏడూ కొడుకు పేరు మీద ఏదో ఒకటి మొక్కుకుని వచ్చే మనిషి, ఆ ఏడు కొండ మీద ఊరికే నిలబడింది. ఏం మొక్కుకున్నావత్తా అంటే, "మొక్కుకునేదానికి ఏముండాది?" అంది. పట్టాళం నుంచి నెలనెలా ఆయన జీతం మనియార్డరు ఆగకుండా వస్తూనే ఉంది కదా, దాన్ని చూసైనా అనుమానం రాలేదా అని తర్వాత అడిగాను. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు కూడా సర్కారు పంపుతుందని ఎవరో అన్నారట. చెడ్డ కబురుకు సాక్ష్యాలు వెతుక్కుంటే దొరుకుతూనే ఉంటాయి.

నాది ముందునుంచీ ముక్కు మీద కోపం. ఒక రోజు గాజు చిట్లి చెయ్యి కోసుకుంటే, ఆమె వెంటనే ఇంకో గాజు తెచ్చి ఎక్కించబోయింది. నేను చెయ్యి విదిలించుకున్నాను.

"ఏందత్తా ఈ సోకులు? ఆయన జాబు రాయక నేను సస్తా ఉంటే, నన్ను పెండ్లికూతుర్ని జేసి కూసోబెడతావా? నీకు కొడుకు మింద బెంగే లేదా?"

ఒక మాటకు నాలుగు మాటలు అప్పజెప్పే మనిషి, ఆ రోజు లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. నోరు మూయించానని నేను లోలోపల గర్వపడ్డాను. నా జీవితంలో నేను సిగ్గుపడే గెలుపు అది.

ఆశ్వయుజంలో, పెద్ద వానలకు ముందు, కొట్టం కప్పు మార్చడానికి ఒక ముసలాయన వచ్చాడు. అత్త బావి దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. పైనుంచి పాత చెరకాకు లాగి పడేస్తూ ఆయన, "అమ్మణ్ణీ, ఇదేందో కార్డు మాదిరుండాది, సూడు" అని కిందికి అందించాడు. పొగచూరి, అంచులు చెదలు కొట్టి ఉంది. ఇంగ్లీషు అచ్చు, గీతలు. అన్నిటికన్నా కింద వంకరటింకరగా తెలుగులో మా ఆయన పేరు.

అత్త తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "లోపలికి తేవద్దు! దాన్ని లోపలికి తేవద్దు మే!" అని అరిచింది.

ఆ అరుపుతో నాకు సగం అర్థమైంది. మిగతా సగం ఆమె అక్కడే, పేడ మీదే కూలబడి చెప్పింది. మూల చినిగి వచ్చిందని, లోపల గీతలు కొట్టి ఉన్నాయని, ఐదు నెలలైందని. నేను నిలబడే ఉన్నాను. చేతిలో కార్డు ఉంది, చేతికి డజను గాజులున్నాయి.

"మిషన్ బడి టీచరమ్మ దగ్గరికి పోతాను" అన్నాను.

నా కాలు పట్టుకుంది. "వద్దు మే. సదివిస్తే అయిపోతాది. ఇన్నాళ్ళు ఆపినాను. ఇంకొన్నాళ్ళు ఆపుదాం."

కాలు విడిపించుకుని నడిచాను. మిషన్ బడి మా వీధి చివరే. ఆ కాస్త దూరంలో నేను మూడుసార్లు ఆగాను. ఇంట్లో ఉండగా ఆమె పిచ్చిదని అనిపించింది. దారిలో మసీదు దాటేసరికి వెనక్కి పోయి, కార్డును మళ్ళీ చూరులో దోపేయాలని నాకే అనిపించింది. రేపు పొద్దున కూడా పూలు పెట్టుకోవాలని ఎంత ఆశగా అనిపించిందో చెప్పలేను.

టీచరమ్మ కార్డును వెలుతురుకు పట్టి చూసింది. అది పట్టాళం వాళ్ళు అచ్చు వేసి ఇచ్చే కార్డట. అందులో సిపాయి సొంతంగా ఏమీ రాయకూడదు. రాస్తే చించేస్తారు. కులాసాగా ఉన్నాను, ఆసుపత్రిలో చేరాను, గాయమైంది, జబ్బు చేసింది, నీ జాబు అందింది, అందలేదు, ఇలా అన్ని మాటలూ వాళ్ళే అచ్చు వేసి ఉంటారు. తనకు పనికిరాని మాటలు కొట్టేసి, పనికొచ్చేవి ఉంచి, కింద సంతకం చేసి పంపాలి.

"గీత కొట్టినవి కావమ్మా, కొట్టనివి సదవాల" అంది ఆమె. గీత లేనివి రెండే వరుసలు. ఆసుపత్రిలో చేరాను, గాయం మానుతోంది అనేది ఒకటి. చాలా కాలంగా నీ దగ్గర నుంచి జాబు అందలేదు అనేది రెండోది.

నేను ఏడవలేదు. ఆ రెండో వరుస ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. ఆమె చూపించింది. ఇది ఐదు నెలల కిందటి మాట, ఆ తర్వాత సంగతి దీన్ని బట్టి చెప్పలేము అని కూడా మెల్లగా అంది. అదీ నిజమే. అయినా ఇంటికి పరుగెత్తాను.

అత్త గడప బయట నిలబడి ఉంది. పక్కన నిండా నీళ్ళతో రెండు బిందెలు. నాకోసం తోడిపెట్టింది. నా ముఖం చూడటానికి భయపడి బిందెల వైపే చూస్తోంది.

"ఉండాడత్తా. గాయమైతే ఆసుపత్రిలో ఉండాడంట. మానిపోతా ఉండాదంట."

"గీతలు?"

కొట్టేసినవి వేరే మాటలని చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకుంది. నాలుగోసారి చెప్పాక గోడకు ఆనుకుని, ఐదు నెలలుగా బిగబట్టిందంతా ఒక్కసారిగా ఏడ్చింది. వీధివాళ్ళు చావు కబురే వచ్చిందనుకుని గుమిగూడారు.

అందరూ పోయాక అడిగాను. నాకోసం ఇంత బరువు ఎందుకు మోశావత్తా, నా బొట్టు నిలపాలనా అని. మెప్పు కోసం మాట మార్చే మనిషి కాదు ఆమె.

"నీకోసరం గాదు మే. పొద్దున్నే లేసి నీ బొట్టు సూస్తే, నా కొడుకు ఉండాడు అనిపించేది. అది గూడా పోతే నాకేముండాది?"

నాకు కోపం రావాలి, రాలేదు. ఆమె పక్కనే కూర్చున్నాను.

ఆ సాయంత్రమే జవాబు రాయడానికి కూర్చున్నాం. పాత పట్టాళం చిరునామాకే, ఆసుపత్రిలో ఉన్నాడని చేర్చి టీచరమ్మ ఇంగ్లీషులో రాసిచ్చింది. చాలా నెలల తర్వాత అత్త మళ్ళీ నాకు ఏం రాయాలో చెప్పింది. ఈసారి ఆజ్ఞలు లేవు.

"నాయనా, నీ కార్డు నేనే దాసినాను అని రాయి. నువ్వు పోయినావనుకుంటి. నువ్వు ఆడ పండుకోని జాబు కోసరం సూస్తా ఉంటే, నేనీడ నిన్ను సంపేసుకుని కూసున్నాను. కోడలికి తెలీదు, దాన్నేమీ అనొద్దు అని రాయి. నన్ను మన్నించమను."

కలం కార్డు మీద ఆనించాను. గాయమై ఎక్కడో మంచం మీద పడి ఉన్న మనిషి, తన తల్లి తనను చనిపోయాడనుకుందని చదవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకొకటి కూడా ఉంది, దాచడం దేనికి. ఆ తల్లి కొడుకు ముందు తలవంచుకోవడం నేను చూడలేను. "మీ కార్డు టపాలో ఆలస్యమై ఈ రోజే అందినది" అని రాశాను. అత్త చదవమంది. ఆమె చెప్పిన మాటలన్నీ, ఒక్కటి వదలకుండా, కార్డు వైపు చూస్తూ చదివినట్టు వినిపించాను. తల ఊపి, మూలలకు పసుపు అద్దింది.

యుద్ధం ముగిశాక ఆయన తిరిగి వచ్చాడు. మోచెయ్యి వంగదు, మగ్గం మీద నాడె విసరలేడు, కానీ మనిషి వచ్చాడు. ఐదు నెలలు కార్డు తిప్పిన టపావాళ్ళను మిత్రుల దగ్గర తిట్టేవాడు. ఇంట్లో ఆ మాట రాబోతే నేను ఏదో ఒక పని చెప్పి లేపేసేదాన్ని. నిజం చెప్పడానికి నాకు ఎన్నో మంచి రోజులు దొరికాయి. ప్రతిసారీ ఇంకో రోజు చెబుదామని ఊరుకున్నాను.

అత్త ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. చివరి జబ్బులో ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే, బయట వసారాలో దగ్గుతున్న కొడుకు వైపు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"అంత తప్పు జేస్తి గదా. ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా ఆ మాట ఎత్తినాడా మే? ఒక్క మాట అన్లేదు నన్ను. అంత ఓర్పు యాడిది వానికి?"

"నీ కొడుకు గదత్తా" అన్నాను.